నొప్పి తప్పించే నిలకడ

మా మేనత్తకు డెబ్బై రెండేళ్ళు. నడుం నొప్పితో పదేళ్ళ కాపురం, కుడి మోకాలితో ఐదేళ్ళ తగువు. పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు ఒక సంగతి నా కంటబడింది. పెరట్లో కుళాయి దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ఆమె ఎడమచెయ్యి తనంతట తనే వెళ్ళి నీళ్ళతొట్టి గోడను పట్టుకుంది. సబ్బు కడుక్కుని కళ్ళు తెరిచాక వదిలేసింది. "ఏమైందత్తయ్యా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాను. "తిరగడం కాదురా, కళ్ళు మూస్తే కాళ్ళు నా కింద లేనట్టుంటుంది" అంది.

వైద్యశాస్త్రానికి ఈ మాట కొత్త కాదు. బెర్లిన్‌లో పనిచేసిన నాడీవైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ 1840లలో వెలువరించిన తన గ్రంథంలో, వెన్నుపాము వెనకభాగం దెబ్బతిన్న రోగులు కళ్ళు మూసుకుని నిలబడితే తూలిపోతారని రాశాడు. అలాంటివారికి పొద్దున్నే ముఖం కడుక్కోవడమే ఒక గండం. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూసుకోమని నాడీవైద్యులు ఇప్పటికీ చేసే పరీక్షకు ఆయన పేరే ఉంది. మా అత్తయ్యకు వెన్నుపాము జబ్బేమీ లేదు. నరాలు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఉన్నదల్లా నొప్పి.

నొప్పి ఒక్కటే మనిషి నిలకడను తప్పించగలదా? తప్పిస్తుంది. ఎలాగన్నది గత ముప్పై, నలభై ఏళ్ళ పరిశోధనలో చాలావరకు తేలింది. మనం మాత్రం నొప్పికి ఒక డాక్టరు దగ్గరికీ, పడి తుంటి విరిగాక ఇంకో డాక్టరు దగ్గరికీ వెళుతున్నాం. రెండూ ఒకే కథలోని రెండు ఘట్టాలని ఎవరూ చెప్పడం లేదు.

నిటారుగా నిలబడటం పనే కాదనుకుంటాం. నిజానికి కదలకుండా నిలుచున్న మనిషి కూడా కదులుతూనే ఉంటాడు. చీలమండల మీద కొద్దిగా ముందుకు ఒరగడం, సర్దుకోవడం, మళ్ళీ వెనక్కి ఒరగడం. తాడు మీద నడిచేవాడు గడతో చేసే పనినే మనమూ రోజంతా చేస్తున్నాం, కాకపోతే ఎదుటివారికి కనిపించనంత చిన్నగా. ఈ సర్దుబాటుకు మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. మొదటిది కన్ను. రెండోది లోపలి చెవి: అక్కడున్న మూడు అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరిగిందో చెబుతాయి, సున్నపు రేణువులున్న రెండు చిన్న సంచులు తల ఎంత వాలిందో చెబుతాయి. మూడోది దేహమే. కండరాలు, స్నాయువులు, కీళ్ళు, అరికాలి చర్మం తామెక్కడున్నదీ క్షణక్షణం మెదడుకు చేరవేస్తూ ఉంటాయి. ఈ మూడో జ్ఞానానికి 1906లో 'ప్రొప్రియోసెప్షన్' అని పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ షెరింగ్టన్. 1932లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తెలుగులో దీన్ని దేహస్థితి జ్ఞానం అనవచ్చు. చీకట్లో అన్నం ముద్ద సరిగ్గా నోటికే చేరుతోందంటే దీని చలవే.

ఈ జ్ఞానానికి ముఖ్యమైన పనిముట్లు కండరాల లోపల ఉంటాయి. నూలు కదురులా మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా ఉండే ఈ గ్రాహకాలు కండరం ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగిందో కొలుస్తాయి. మెడ పైభాగంలో, పుర్రె కింద దాగి ఉన్న చిన్న కండరాల్లో ఇవి ఎంతో దట్టంగా ఉంటాయి. మెడ పట్టేసిన రోజున తల తేలిపోతున్నట్టు, నేల ఒరిగినట్టు కొందరికి అనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. లోపలి చెవి ఒకటి చెబుతుంటే మెడ ఇంకొకటి చెబుతుంది. సాక్షులిద్దరూ రెండు రకాలుగా చెబితే న్యాయమూర్తి ఏం చేస్తాడు? తీర్పు ఆలస్యమవుతుంది. నిలకడ విషయంలో ఆ ఆలస్యమే మనిషిని పడేస్తుంది.

ఈ గ్రాహకాలను మోసం చేసి చూసే ప్రయోగం ఒకటుంది. నిలబడ్డ మనిషి మడమ వెనకనున్న స్నాయువు మీద సన్నగా కంపించే పరికరం పెడతారు. పిక్క కండరం సాగుతోందని మెదడు భ్రమపడుతుంది. పిక్క సాగిందంటే ఒళ్ళు ముందుకు వాలుతోందన్నమాట. దాంతో మెదడు మనిషిని వెనక్కి లాగుతుంది. బెల్జియంలోని ల్యూవెన్‌లో పరిశోధకులు ఈ కిటుకునే నడుం నొప్పివారి మీద ప్రయోగించారు. ఆరోగ్యవంతుల్ని మెత్తటి దిండు లాంటి దాని మీద నిలబెడితే, పాదాల కింద నుంచి వచ్చే కబురు నమ్మదగినది కాదని వారి మెదడు వెంటనే గుర్తించి, నడుము కండరాల కబురు మీద ఎక్కువ ఆధారపడుతుంది. నడుం నొప్పివారు ఆ మార్పు చేసుకోలేరు. నేల గట్టిగా ఉన్నా మెత్తగా ఉన్నా చీలమండలనే పట్టుకు వేలాడతారు. నడుమును ఒక కట్టెలా బిగబట్టి, కింద నుంచే మొత్తం ఒంటిని తిప్పుతారు. చదునైన గచ్చు మీద ఇది నడిచిపోతుంది. ఇసుక మీదో, వరిగట్టు మీదో నడవాలన్నప్పుడు బయటపడుతుంది.

నొప్పి ఇంకో పని కూడా చేస్తుంది: కండరాల వేళ తప్పిస్తుంది. మనం చెయ్యి పైకెత్తబోతుంటే, భుజం కండరం కంటే ముందే పొట్ట లోపలి పొరలోని కండరం ఒకటి బిగుసుకుని నడుమును నిలబెడుతుంది. ఒళ్ళు తూలకుండా ముందు స్తంభం పట్టుకుని, ఆ తర్వాత అటక మీద సామాను దించడం లాంటిది. ఆస్ట్రేలియాలో పాల్ హాజెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ 1996లో చూపించినదేమంటే, నడుం నొప్పివారిలో ఈ లోపలి కండరం ఆలస్యంగా మేలుకుంటుంది. చెయ్యి లేచాక స్తంభం పట్టుకున్నట్టవుతుంది.

మోకాలిది మరో కథ. మెట్టు దిగేటప్పుడు మా అత్తయ్య కుడికాలు ముందు కింద పెట్టి, ఎడమకాలును దాని పక్కకే తెచ్చుకుంటుంది. పసిపిల్లలు దిగినట్టు, ఒక్కొక్క మెట్టుకు రెండడుగులు. తొడ ముందువైపు కండరంలో ఆమెకు బలం లేక కాదు, ఆ బలాన్ని వాడుకోనివ్వని అడ్డు ఒకటుంది. ఆరోగ్యవంతుల మోకాలి కీలులోకి 20–30 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించినా చాలు, తొడ కండరంలో ఒక భాగం బలం తగ్గిపోతుందని 1980లలోనే ప్రయోగాలు చేసి చూశారు. అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్ల నీరు. కీలు ఉబ్బగానే వెన్నుపాము ఆ కండరానికి వెళ్ళే ఆదేశాన్ని తగ్గించేస్తుంది. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో ఇంకో అడుగు ముందుకు వేసి, నొప్పి లేని మనుషుల తొడ కండరంలో ఉప్పు ద్రావణం ఎక్కించి కాసేపు నొప్పి పుట్టించారు. ఆ కాసేపూ వారి ఊగిసలాట పెరిగింది. అరిగిన కీలు లేదు, వృద్ధాప్యం లేదు, ఉన్నది నొప్పి మాత్రమే. నొప్పే దోషి అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

మూడు నెలలు దాటి ఉండిపోయే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అంతకాలం నిలిచేసరికి అది మెదడులోకీ పాకుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకుడు లోరిమర్ మోస్లీ, ఏళ్ళ తరబడి నడుం నొప్పితో ఉన్నవారికి కాగితం ఇచ్చి, తమ వీపు తమకు ఎలా అనిపిస్తోందో గీయమన్నాడు. నొప్పి ఉన్నచోట కొందరి గీత ఆగిపోయింది. అక్కడ తమ ఒంటి అంచు ఎక్కడుందో తెలియడం లేదన్నారు. మెదడులోని దేహపటంలో ఆ ఊరు చెరిగిపోయిందన్నమాట. "కాళ్ళు నా కింద లేనట్టుంటుంది" అన్న మాటను ఈ వెలుగులో చూస్తే అది ముసలితనపు చాదస్తం కాదని అర్థమవుతుంది.

భయాన్నీ ఇక్కడే చెప్పుకోవాలి. ఒకసారి పడబోయి తమాయించుకున్నవారు ఆ తర్వాత ఒళ్ళు బిగబట్టి నడుస్తారు. బిగుసుకున్న ఒళ్ళు తూలితే సర్దుకోలేదు. పైగా నొప్పి మనసులో కొంత జాగాను ఎప్పుడూ ఆక్రమించే ఉంటుంది. స్వీడన్‌లోని ఉమియాలో 1997లో ఒక చిన్న పరీక్ష చేశారు. వృద్ధుల వెంట నడుస్తూ మాట కలిపారు. మొత్తం 58 మందిలో 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. ఆ 12 మందిలో 10 మంది ఆరు నెలల్లోపు పడ్డారు. నడకకే మనసంతా కావలసివచ్చేవారికి మాటకు చోటుండదు. వారి మనసులో నొప్పి కూడా కూర్చుంటే ఇక చెప్పేదేముంది?

ఇక మందుల పాపం. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ వంటివి మత్తునూ తూలునూ తెస్తాయి. నిద్రమాత్రలు చెప్పనక్కర్లేదు. మన పల్లెల్లో 'నొప్పుల సూది' పేరుతో అదే పనిగా వేయించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వారం పది రోజులు హాయినిచ్చి, కాలక్రమంలో ఎముకనూ కండరాన్నీ రెంటినీ గుల్ల చేస్తాయి. అంటే పడే అవకాశమూ పెరుగుతుంది, పడితే విరిగే అవకాశమూ పెరుగుతుంది.

ఇవన్నీ కలిసి నిజ జీవితంలో ఏం చేస్తున్నాయో బోస్టన్ నగరంలో లెక్క తీశారు. 70 ఏళ్ళు, ఆపైబడిన 749 మందిని 18 నెలలు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ కాలంలో 1,029 సార్లు పడ్డట్టు నమోదైంది. రెండు లేదా అంతకంటే ఎక్కువ కీళ్ళలో నొప్పి ఉన్నవారు నొప్పి లేనివారి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా పడ్డారు. ఒక నెలలో నొప్పి తీవ్రంగా ఉన్నవారు తర్వాతి నెలలో పడే అవకాశం కూడా ఎక్కువగానే కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. 2020లో నడుం నొప్పి ఉన్నవారు ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఇంకా రాలేదు.

మరి నొప్పి తగ్గిస్తే నిలకడ తిరిగొస్తుందా? ఈ ప్రశ్న దగ్గరే, చేత్తో వెన్ను సర్దే కైరోప్రాక్టిక్ ప్రస్తావన వస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఈ బోర్డులు కనిపిస్తున్నాయి. ఫోన్లలో వీడియోలైతే చెప్పనక్కర్లేదు: బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి, ఒక్క తోపు, 'టక్'మని చప్పుడు, లేచి నవ్వు.

చేత్తో వెన్ను సర్దడం మనకు తెలియనిది కాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తన్నించుకుంటే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్ళలో నమ్మకం. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు సంగతి తమిళనాడు దాకా తెలుసు. కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ పట్టణంలో పుట్టింది. అయస్కాంత వైద్యం చేసే డేనియల్ డేవిడ్ పామర్, హార్వే లిలార్డ్ అనే పనివాడి వెన్నుపూస సర్ది అతని చెవుడు పోగొట్టానని చెప్పుకున్నాడు. గ్రీకులో చెయ్యి, పని అనే అర్థాలున్న మాటలు కలిపి పేరు పెట్టారు. నూటికి 95 జబ్బులకు వెన్నుపూసలు తప్పుకోవడమే మూలమని పామర్ వాదం. ఆ వాదం శాస్త్రపరీక్షకు నిలవలేదు, నిలిచే అవకాశమూ లేదు. దాన్ని ఇప్పటికీ చెప్పి మధుమేహానికీ ఉబ్బసానికీ వెన్ను సర్దుతామనే వారి గడప తొక్కనక్కర్లేదు.

వీడియోల్లోని ఆ 'టక్' చప్పుడు కూడా ఎముక 'సరిపడిన' చప్పుడు కాదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగరీ కౌచుక్ బృందం వేళ్ళ మెటికలు విరిచేటప్పుడు ఎం.ఆర్.ఐ. తీసి 2015లో ప్రచురించింది. కీలు రెండు తలాలూ ఒక్కసారిగా విడిపడినప్పుడు మధ్యలోని ద్రవంలో ఒక ఖాళీ ఏర్పడుతుంది, చప్పుడు అదే క్షణాన వినిపిస్తుంది. కౌచుక్ స్వయంగా కైరోప్రాక్టిక్ చదివినవాడు. ఆ వృత్తిలో సిద్ధాంతాన్ని పక్కన పెట్టి కొలతలు తీసేవారు ఉన్నారనడానికి ఇదొక ఉదాహరణ.

సిద్ధాంతం తప్పయినంత మాత్రాన చికిత్స పనికిరాదని కాదు. వెన్నును వేగంగా, తక్కువ దూరం తోసినప్పుడు లోతైన కండరాల్లోని ఆ కదురు గ్రాహకాల నుంచి ఒక్కసారిగా సంకేతాల వెల్లువ వెళుతుంది. అది వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని కాసేపు అణచవచ్చు, బిగుసుకున్న కండరాన్ని వదులు చేయవచ్చు. ప్రస్తుతానికి ఉన్న వివరణ ఇది. ఫలితాల మాటకొస్తే, అమెరికా సైన్యంలో నడుం నొప్పి ఉన్న 750 మంది మీద జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ కూడా తోడైనవారికి ఆరు వారాల్లో నొప్పి మరికొంత ఎక్కువగా తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహన కల్పించడం, మసాజ్ వంటి వాటి పక్కనే వెన్ను సర్దుబాటుకూ చోటిచ్చింది. నడుముకు బెల్టులు, ట్రాక్షన్ వద్దంది. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా తలకిందులు.

నిలకడ మీద నేరుగా చేసిన పరీక్షలు తక్కువ. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో 60 మంది వృద్ధుల మీద 12 వారాలు జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కైరోప్రాక్టిక్ చేయించుకున్నవారికి చీలమండ ఏ కోణంలో ఉందో గుర్తించే శక్తీ, సూచన ఇవ్వగానే అడుగు వేసే చురుకూ మెరుగయ్యాయి. నడుం నొప్పి ఉన్న 110 మంది అమెరికా సైనికుల మీద జరిపిన మరో పరీక్ష 2020లో వెలువడింది. నాలుగు వారాల తర్వాత ఒంటికాలి మీద నిలబడటంలో చికిత్స పొందినవారు ముందున్నారు. ఆశ కలిగించే ఫలితాలే. అయితే రెండూ చిన్నవి. తనకు చికిత్స జరిగిందో లేదో అందులోని ప్రతివారికీ తెలుసు. ఒళ్ళు తాకి, శ్రద్ధగా మాట్లాడే మనిషి దగ్గరికి వారాల తరబడి వెళ్ళడమే కొంత మేలు చేయవచ్చు. ముప్పై ఏళ్ళ సైనికుడి నడుము వేరు, డెబ్బై దాటిన మా అత్తయ్య నడుము వేరు. ఒంటికాలి మీద ఎక్కువ సెకన్లు నిలబడటం వేరు, ఏడాదిలో పడకుండా ఉండటం వేరు. కాబట్టి 'కైరోప్రాక్టిక్ పడిపోవడాన్ని ఆపుతుంది' అని ఎవరైనా రాస్తే అది సాక్ష్యానికి మించిన మాట. నొప్పి తగ్గించి, వ్యాయామానికి దారి తెరవగలదన్నంత వరకే నేను ఒప్పుకుంటాను.

మెడ విషయంలో అంతకూడా తొందరపడి ఒప్పుకోను. మెడలోని వెన్నుపూసల గుండా మెదడుకు రక్తం మోసే ధమనులు వెళతాయి. మెడను గబుక్కున తిప్పితే ఆ ధమని లోపలి పొర చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇది అరుదు. అప్పటికే చీలిక మొదలై మెడ నొప్పి వచ్చినవారే చికిత్సకు వెళ్ళి ఉండవచ్చన్న వాదమూ ఉంది. అయినా జరిగితే కోలుకోలేని నష్టం. హైదరాబాద్‌లో 2022లో బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న ఒక మహిళకు పక్షవాతం వచ్చిన వార్త చాలామంది చదివే ఉంటారు. క్షౌరశాలలో తల మర్దన అయ్యాక గడ్డం పట్టుకుని 'పుటుక్కు'మనిపించే ముచ్చటకు ఇకనైనా వద్దని చెప్పాలి. ఎముకలు గుల్లబారినవారు, క్యాన్సర్ ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, కాళ్ళల్లో బలం తగ్గుతున్నవారు, మూత్రం మీద పట్టు తప్పినవారు వెన్ను తోయించుకోకూడదు. చివరి రెండు లక్షణాలుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్యులకూ ఫిజియోథెరపిస్టులకూ ఉన్నట్టు కైరోప్రాక్టర్లకు మన దేశంలో ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారని అడగడం మర్యాద తక్కువ పని కాదు.

పడకుండా కాపాడుతుందని గట్టిగా రుజువైనది వ్యాయామం. 108 పరీక్షల్ని, 23,407 మందిని కలిపి 2019లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో, వ్యాయామం చేసిన వృద్ధులు పడటం 23 శాతం తగ్గింది. ఆ సమీక్షకు ముందు నిలిచిన సిడ్నీ పరిశోధకురాలి పేరు కేథీ షెరింగ్టన్. దేహస్థితి జ్ఞానానికి పేరు పెట్టినాయన ఇంటిపేరే. యాదృచ్ఛికమే, కానీ నాకు భలే నచ్చింది. ఏ వ్యాయామమైనా కాదు: నిలకడకు పరీక్ష పెట్టేది, లేవడం, కూర్చోవడం, పక్కకు అడుగు వేయడం వంటి రోజువారీ పనుల్ని సాధన చేయించేది. నడక మంచిదే, అదొక్కటే చాలదు.

మా అత్తయ్యను ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. వంటగట్టు పట్టుకుని ఒక కాలు ఎత్తి పది అంకెలు లెక్కపెట్టడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, ఒక పాదం వేళ్ళ ముందు రెండో పాదం మడమ పెట్టి గోడ వెంట నడవడం నేర్పారు. పప్పు ఉడికేలోపు అయిపోతాయి. రాత్రి వేసుకునే మాత్రల్లో ఒకటి డాక్టరు తీసేశారు. పెరట్లో తొట్టి పక్కన ఒక ఇనుప కడ్డీ బిగించాం. నాలుగు నెలలైంది. నొప్పి పూర్తిగా పోలేదు. ముఖం కడుక్కునేటప్పుడు ఇప్పటికీ చెయ్యి కడ్డీ వైపు వెళుతుంది, కానీ కొన్ని రోజులు పట్టుకోకుండానే వెనక్కి వస్తోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈసారి నడుం నొప్పనో మోకాలి నొప్పనో డాక్టరు దగ్గరికి బయల్దేరితే మీరూ వెంట వెళ్ళండి. ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అన్నది వాళ్ళు చెప్పుకుంటారు. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు తూలారు, ఎక్కడ, ఏ వేళ అన్నది చెప్పరు. అది మీరు చెప్పండి.